జొటెరోలో లింక్ చేసిన 3,000 పీడీఎఫ్‌లు ఒక్కసారిగా తెగిపోయాయి, ఎలా సర్దుకోవాలి?

తార్నాక_స్కాలర్
శుక్రవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. చాలా టెన్షన్‌లో రాస్తున్నాను, ఏదైనా వివరం తక్కువైతే అడగండి చెబుతాను. నిజాం కాలపు తెలుగు పత్రికల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ప్రీ సబ్మిషన్ సెమినార్ ఇంకో మూడు వారాల్లో ఉంది. పేపర్లు, పుస్తకాల వివరాలు దాచుకుని సైటేషన్లు పెట్టుకోవడానికి ఆరేళ్లుగా జొటెరో అనే సాఫ్ట్‌వేరే వాడుతున్నాను. పీడీఎఫ్‌లు, స్కాన్లు అన్నీ డి డ్రైవ్‌లో థీసిస్ అనే ఫోల్డర్‌లో పెట్టుకుని, జొటెరోలో వాటికి లింకులు మాత్రం ఇచ్చుకున్నాను. అప్పట్లో ఒక సీనియర్ జాట్‌ఫైల్ అనే ప్లగిన్ పెట్టి ఇచ్చారు, అది ఫైల్ పేరు మార్చి సరైన ఫోల్డర్‌లోకి పంపేసేది. మొత్తం 38 జీబీ ఉంది, ఫైళ్లు 3,100 పైనే.

పోయిన వారం హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తుంటే సికింద్రాబాద్‌లో ఒక షాపులో ఇచ్చి ఎస్ఎస్‌డీ వేయించాను. డేటా అంతా వచ్చింది, ఏదీ పోలేదు. కానీ ముందు సి, డి అని రెండు డ్రైవ్‌లు ఉండేవి, ఇప్పుడు ఒక్క సి మాత్రమే ఉంది, థీసిస్ ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ మీద పెట్టి ఇచ్చారు. నేను కూడా కొత్తగా ఉంటుందని జొటెరో 7కి అప్‌డేట్ చేసేశాను. ఇప్పుడు ఏ పీడీఎఫ్ నొక్కినా ఫైల్ దొరకలేదు అంటోంది, జాట్‌ఫైల్ కూడా పనిచేయడం లేదు. లొకేట్ నొక్కి ఫైల్ ఎక్కడుందో చూపిస్తే తెరుచుకుంటోంది. నిన్న రాత్రి కూర్చుని అలా 60 చేశాను, ఇలా 3,000 చేయాలంటే సెమినార్ వచ్చేస్తుంది. ఇంకేదైనా దారి ఉందా?


మలక్‌పేట్_రీసెర్చర్
శుక్రవారం, రాత్రి 11:48

అక్కా, నాకు ఒకసారి ఇలాగే అయితే పాత అటాచ్‌మెంట్లు అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టి, ఫోల్డర్‌లోంచి ఫైళ్లు మళ్లీ లాగి పడేశాను. ఒక రోజు పట్టింది కానీ క్లీన్‌గా అయిపోయింది.


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శుక్రవారం, రాత్రి 11:55

ఆగండి. డిలీట్ మాత్రం దయచేసి చేయొద్దు. 2022లో జొటెరో 6 వచ్చినప్పటి నుంచి దాని సొంత రీడర్‌లో మనం పెట్టే హైలైట్లు, పక్కన రాసే కామెంట్లు పీడీఎఫ్ ఫైల్ లోపలికి వెళ్లవు. అవి జొటెరో డేటాబేస్‌లో, ఆ అటాచ్‌మెంట్‌కి పిల్లల్లా అతుక్కుని ఉంటాయి. అటాచ్‌మెంట్‌ని తీసేస్తే అవి కూడా దానితో పాటే చెత్తబుట్టలోకి పోతాయి. అదే ఫైల్‌ని మళ్లీ లాగి పడేస్తే ఫైల్ వస్తుంది, హైలైట్లు రావు. మలక్‌పేట్ తమ్ముడు బహుశా వేరే రీడర్‌లో హైలైట్ చేసే అలవాటున్న మనిషి అయ్యుంటాడు, అందుకే తేడా తెలియలేదు.

తార్నాక గారూ, మీరు జొటెరోలోనే హైలైట్ చేస్తారా?


తార్నాక_స్కాలర్
శనివారం, ఉదయం 6:10

అవును సార్, మూడేళ్లుగా అన్నీ జొటెరోలోనే. నా చాప్టర్లు రెండూ ఆ హైలైట్ల నుంచే రాశాను. చదువుతుంటేనే చేతులు చల్లబడ్డాయి. ఏదీ డిలీట్ చేయలేదు, చేయను.


మలక్‌పేట్_రీసెర్చర్
శనివారం, ఉదయం 8:30

నిజమే అన్నా, నేను పీడీఎఫ్‌లు బయట తెరిచి మార్క్ చేస్తాను. ఈ సంగతి తెలియక చెప్పాను, సారీ అక్కా.


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శనివారం, ఉదయం 9:15

సరే, మంచి వార్త ఏంటంటే మీ ఫైళ్లు ఉన్నాయి, మీ డేటాబేస్ ఉంది, మధ్యలో ఉన్న అడ్రస్ ఒక్కటే తప్పయింది. ఇల్లు మారాక పాత అడ్రస్‌కి ఉత్తరాలు వెళ్తున్నట్టు. లింక్డ్ ఫైల్ అంటే జొటెరో దగ్గర ఉండేది ఒక వాక్యం అంతే: డి డ్రైవ్, థీసిస్, ఫలానా ఫోల్డర్, ఫలానా పేరు. ఇప్పుడు డి అనేదే లేదు కాబట్టి వాక్యం మొదట్లోనే తెగిపోయింది, మిగతాదంతా కరెక్టే.

ఒక ప్రశ్న. సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, ఫైల్స్ అండ్ ఫోల్డర్స్ అని ఉంటుంది. అక్కడ లింక్డ్ అటాచ్‌మెంట్ బేస్ డైరెక్టరీ అనే చోట ఏమైనా రాసి ఉందా? ఖాళీగా ఉందా?


తార్నాక_స్కాలర్
శనివారం, ఉదయం 9:40

ఖాళీగా ఉంది. ఆ బాక్స్ ఉందని కూడా నాకు తెలియదు.


నల్లకుంట_సైన్స్
శనివారం, ఉదయం 10:25

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, కానీ నాకు అర్థం కానిది ఒకటుంది, ఇంత కష్టపడి లింక్ పద్ధతి ఎందుకు? జొటెరో మామూలుగా చేసే పని ఫైల్‌ని తనలోకి తీసుకుని స్టోరేజ్ అనే ఫోల్డర్‌లో పెట్టుకోవడం. ఒక్కో ఫైల్‌కి ఎనిమిది అక్షరాల పేరుతో ఒక చిన్న ఫోల్డర్ చేస్తుంది, చూడటానికి గజిబిజిగా ఉంటుంది నిజమే, కానీ దాన్ని మనం చూడాల్సిన అవసరమే లేదు కదా. కలెక్షన్లు, ట్యాగ్‌లు, సెర్చ్ అన్నీ జొటెరో లోపలే ఉన్నాయి. ఒకే పేపర్‌ని నాలుగు కలెక్షన్లలో పెట్టుకోవచ్చు, ఫైల్ మాత్రం ఒకటే ఉంటుంది. ఫోల్డర్లలో అయితే నాలుగు కాపీలు చేయాలి, లేదంటే ఏ ఫోల్డర్‌లో పెట్టామో గుర్తుపెట్టుకోవాలి.

నేను బయోకెమిస్ట్రీ, 2,400 పేపర్లు ఉన్నాయి, అన్నీ స్టోర్డ్. లాప్‌టాప్ మూడుసార్లు మార్చాను. ప్రతిసారీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న జొటెరో ఫోల్డర్‌ని మొత్తంగా కొత్త దానిలోకి కాపీ చేశాను, తెరిచాను, అయిపోయింది. లింక్‌లు ఉంటే ఫోన్ యాప్‌లో తెరుచుకోవు, వెబ్‌లో తెరుచుకోవు, గ్రూప్ లైబ్రరీలో అసలు పెట్టనివ్వదు. మీ గైడ్‌తో కలిసి ఒక గ్రూప్ చేసుకుని ఫైళ్లు చూపించాలంటే లింక్ పద్ధతిలో కుదరదు. టూల్స్ మెనూలో మేనేజ్ అటాచ్‌మెంట్స్ కింద లింక్డ్ ఫైళ్లన్నిటినీ స్టోర్డ్ ఫైళ్లుగా మార్చే ఆప్షన్ ఉంది. దారి సరిచేసుకున్నాక ఆ ఒక్కటి నొక్కేయండి అని నా సలహా.


గ్రంథాలయం_మెట్లు
శనివారం, ఉదయం 11:30

నల్లకుంట గారూ, మీ పేపర్లు ఒక్కొక్కటి ఒకటి రెండు ఎంబీలు ఉంటాయి, అందుకే మీకు అది హాయిగా ఉంది. పాత పత్రికల స్కాన్లు అలా ఉండవు. ఒక నెల సంచిక బొమ్మలుగా స్కాన్ అయితే 40, 60 ఎంబీలు మామూలే. జొటెరో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీలు, అంటే ఈ అమ్మాయికి ఐదారు సంచికలతోనే నిండిపోతుంది. డబ్బు కడితే ఏడాదికి 20 డాలర్లకి 2 జీబీ, 60 డాలర్లకి 6 జీబీ, 38 జీబీ పెట్టాలంటే 120 డాలర్ల అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకోవాలి. స్కాలర్‌షిప్ నెలల తరబడి ఆగిపోయే పిల్లలకి అది చిన్న మొత్తం కాదు.

స్టోర్డ్ పద్ధతిలో ఉంచి, ఫైల్ సింక్ ఆపేసుకుని, లాప్‌టాప్‌లోనే ఉంచుకోవచ్చు కదా అంటే ఉంచుకోవచ్చు. వెబ్‌డావ్ సర్వర్ (ఫైళ్లు దాచుకునే వేరే ఆన్‌లైన్ చోటు) ఉన్నవాళ్లు సొంత లైబ్రరీ ఫైళ్లని అక్కడికి సింక్ చేసుకోవచ్చు కూడా (గ్రూపులకి మాత్రం వెబ్‌డావ్ పనిచేయదు). కానీ చరిత్ర చేసేవాళ్లకి ఇంకో అవసరం ఉంటుంది. వాళ్లు ఒక సంచికని జొటెరోలోనే కాదు, బయట బొమ్మల వ్యూయర్‌లో, ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలని టెక్స్ట్‌గా మార్చే) ప్రోగ్రామ్‌లో, ఒక్కోసారి స్నేహితులకి పంపడానికి పెన్‌డ్రైవ్‌లో కూడా తెరుస్తారు. 1931 ఏప్రిల్ సంచిక అంటే నేరుగా 1931 ఫోల్డర్‌లోకి వెళ్లి తీసుకోవాలి. ఎనిమిది అక్షరాల ఫోల్డర్లలో దాన్ని వెతకలేరు. నేను లైబ్రరీలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను, వర్గీకరణ అనేది మనిషి కంటికి కనిపించే చోట కూడా ఉండాలని గట్టిగా నమ్ముతాను.

కాబట్టి ఈ అమ్మాయికి లింక్ పద్ధతే సరైనది. తప్పు పద్ధతిలో లేదు, ఆ బేస్ డైరెక్టరీ పెట్టుకోకపోవడంలో ఉంది.


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శనివారం, మధ్యాహ్నం 12:50

మెట్లు మేడమ్ చెప్పిందే నా మాట కూడా. ఇప్పుడు పని చెబుతాను, నెమ్మదిగా చదవండి, వరస మారిస్తే కష్టం.

ముందు జొటెరోని మూసేయండి. మీ యూజర్ ఫోల్డర్‌లో జొటెరో అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో జొటెరో డాట్ ఎస్‌క్యూలైట్ అనే ఫైలే మీ ఆరేళ్ల పని. ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదకి కాపీ చేయండి. థీసిస్ ఫోల్డర్‌ని కూడా. ఇది చేయకుండా కిందికి చదవొద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. లేని డి డ్రైవ్‌ని కాసేపు ఉన్నట్టు చూపిద్దాం. విండోస్‌లో సబ్‌స్ట్ అనే పాత కమాండ్ ఉంది, ఏదైనా ఒక ఫోల్డర్‌కి డ్రైవ్ అక్షరం తగిలిస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి (అడ్మినిస్ట్రేటర్‌గా తెరవొద్దు, అలా చేస్తే ఆ డ్రైవ్ మామూలుగా నడిచే జొటెరోకి కనిపించదు) సబ్‌స్ట్ అని ఇంగ్లీష్‌లో కొట్టి, ఖాళీ ఇచ్చి, డి పక్కన కోలన్, మళ్లీ ఖాళీ, తర్వాత మీ డెస్క్‌టాప్ పూర్తి దారి కొటేషన్ మార్కుల మధ్య పెట్టి ఎంటర్ కొట్టండి. థీసిస్ ఫోల్డర్ దారి కాదు, డెస్క్‌టాప్ దారి. అప్పుడే డి లోపల థీసిస్ అని కనిపిస్తుంది, జొటెరో గుర్తుపెట్టుకున్న వాక్యంతో అక్షరం అక్షరం కలుస్తుంది. పెన్‌డ్రైవో కార్డ్ రీడరో ఇప్పటికే డి అక్షరం తీసుకుని ఉంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి వేరే అక్షరం ఇవ్వండి.

జొటెరో తెరవండి. ఏదైనా నాలుగు ఫైళ్లు నొక్కి చూడండి. తెరుచుకుంటే సగం పని అయినట్టే, కానీ ఇక్కడ ఆగిపోవద్దు, ఎందుకంటే సబ్‌స్ట్ రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఇందాక చెప్పిన బేస్ డైరెక్టరీ బాక్స్‌లో డి డ్రైవ్‌లోని థీసిస్ ఫోల్డర్‌ని ఎంచుకోండి. దాని కింద ఇన్ని అటాచ్‌మెంట్లు ఉన్నాయి, వాటిని రిలేటివ్ దారులుగా మార్చనా అని అడుగుతుంది. ఆ సంఖ్య 3,000 దగ్గర ఉండాలి. ఒప్పుకోండి. ఇక జొటెరో దగ్గర డి అనే అక్షరం ఉండదు, బేస్ ఫోల్డర్ కింద ఫలానా చోట అని మాత్రమే ఉంటుంది.

తర్వాత మళ్లీ అదే బాక్స్‌లోకి వెళ్లి బేస్‌ని డెస్క్‌టాప్ మీది థీసిస్ ఫోల్డర్‌కి మార్చండి. మీరు చేత్తో సరిచేసిన ఆ 60 ఉన్నాయి చూడండి, అవి డెస్క్‌టాప్ పూర్తి దారితో ఉన్నాయి, ఈ మార్పులో అవి కూడా రిలేటివ్‌గా మారిపోతాయి. అందుకే డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌ని ఇప్పుడే కదిలించొద్దు అంటున్నాను.


తార్నాక_స్కాలర్
శనివారం, మధ్యాహ్నం 1:05

అన్నా ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. అన్నా అంటున్నాను, ఏమనుకోకండి. కాపీ మొదలుపెట్టాను, 38 జీబీ కదా టైమ్ పడుతోంది. డెస్క్‌టాప్ దారి చూస్తే మధ్యలో వన్‌డ్రైవ్ అని వస్తోంది, అది మామూలేనా?


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శనివారం, మధ్యాహ్నం 1:20

అనండి, నాకు సంతోషం. వన్‌డ్రైవ్ అని వస్తుందంటే కొత్త విండోస్ మీ డెస్క్‌టాప్‌ని క్లౌడ్‌లోకి బ్యాకప్ చేయాలని చూస్తోంది. ఉచిత అకౌంట్‌లో 5 జీబీయే ఉంటుంది, 38 జీబీ పట్టదు, ఎర్ర గుర్తులు పెడుతూ ఉంటుంది. ఈ పని పూర్తయ్యేదాకా ఆ సింక్‌ని పాజ్‌లో పెట్టండి. దారి మాత్రం అక్కడ ఎలా ఉందో అలాగే, వన్‌డ్రైవ్‌తో సహా సబ్‌స్ట్‌కి ఇవ్వండి.


కాచిగూడ_పాత_రైలు
శనివారం, సాయంత్రం 5:00

అందరికీ నమస్కారం. నేను రిటైర్డ్ లెక్చరర్‌ని, మా కాలనీ చుట్టుపక్కల చరిత్ర, ముఖ్యంగా 1908 మూసీ వరద తర్వాత ఈ వైపు బస్తీలు ఎలా మారాయో రాసుకుంటున్నాను. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి దించుకున్న పాత పుస్తకాలు ఒక 400 దాకా ఉన్నాయి. ఇక్కడ చదువుతుంటే సగం అర్థమైంది, సగం కాలేదు. ఇంకా జొటెరో మొదలుపెట్టలేదు. నా ఫైళ్లన్నీ 2015 అనే అంకెతో, చుక్క పెట్టి ఇంకో ఆరంకెల సంఖ్యతో ఉన్నాయి, వెనకాల పుస్తకం పేరు ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది. ముందు పేర్లు మార్చుకుని తర్వాత జొటెరోలోకి ఎక్కించాలా, ఎక్కించాక మార్చాలా?


గ్రంథాలయం_మెట్లు
శనివారం, సాయంత్రం 6:45

మాస్టారూ నమస్కారం. ఆ 2015 అంకెలవి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు, ఆర్కైవ్‌లోకి ఎక్కించినప్పుడు అలా పేర్లు పెట్టారు. ఎక్కించాక మార్చండి, అదీ జొటెరో చేతనే మార్పించండి. బయట ఫోల్డర్‌లో మీరు పేరు మారిస్తే జొటెరోకి తెలియదు, లింక్ తెగుతుంది. జొటెరోలో ముందు పుస్తకం వివరాలు సరిగ్గా నింపి, అటాచ్‌మెంట్ మీద కుడి బటన్ నొక్కితే, ఆ వివరాల నుంచే ఫైల్ పేరు పెట్టే ఆప్షన్ వస్తుంది. లింక్ చేసిన ఫైళ్లకి అది తనంతట తాను జరగాలంటే సెట్టింగ్స్‌లో జనరల్ కింద లింక్డ్ ఫైళ్లని కూడా రీనేమ్ చెయ్ అనే చోట టిక్ పెట్టాలి. ఆ పొడవాటి అంకెని మాత్రం పారేయకండి, ఎక్స్‌ట్రా అనే గడిలో రాసి ఉంచండి, రేపు మళ్లీ ఆ స్కాన్‌ని వెతకాలంటే అదే దారి చూపిస్తుంది.

పేర్ల గురించి ఒక మాట, ఇది మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు. జొటెరోలో రచయితకి రెండు గడులు ఉంటాయి, ఇంటిపేరు ఒకటి, అసలు పేరు ఒకటి. మనం సురవరం ప్రతాపరెడ్డి అంటాం, ఇంటిపేరు ముందు. ఇంగ్లీష్ కేటలాగ్ నుంచి వివరాలు దించుకుంటే ఒకచోట రెడ్డి ఇంటిపేరైపోతుంది, ఒకచోట ప్రతాపరెడ్డి, ఒకచోట ఎస్ అనే ఒక్క అక్షరం. ఫైల్ పేర్లలో ఒకే మనిషి ముగ్గురు అవుతాడు. పేర్ల గడి పక్కన చిన్న బటన్ ఉంటుంది, రెండు గడులని ఒకటి చేస్తుంది. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కలం పేర్లకి ఆ ఒక్క గడే వాడాలి. మిగతావాళ్లకి మీరు ఏ పద్ధతి పెట్టుకున్నా ఫర్వాలేదు, నాలుగు వందలకీ అదే పద్ధతి ఉండాలి. ఇది మొదటి పది పుస్తకాలప్పుడే తేల్చుకోవాల్సిన విషయం.


నల్లకుంట_సైన్స్
శనివారం, రాత్రి 8:10

మెట్లు మేడమ్ చెప్పిన పత్రికల లెక్క నాకు నిజంగా తెలియదు, ఒప్పుకుంటున్నాను. మాస్టారి విషయంలో మాత్రం 400 పుస్తకాలే, ఒకే కంప్యూటర్, నేనైతే స్టోర్డ్‌లోనే పెట్టుకోమంటాను. సింక్ ఆపేసి పెడితే డబ్బు కట్టే పని లేదు, తెగిపోయేది ఏమీ ఉండదు. నెలకోసారి జొటెరో ఫోల్డర్‌ని బయటి డిస్క్ మీదకి కాపీ చేసుకుంటే చాలు.


గ్రంథాలయం_మెట్లు
శనివారం, రాత్రి 8:30

మాస్టారికి అది సరిపోతుంది, నేనూ అదే అంటాను.


తార్నాక_స్కాలర్
శనివారం, రాత్రి 10:15

అన్నా!!! తెరుచుకున్నాయి. సబ్‌స్ట్ కొట్టగానే డి డ్రైవ్ వచ్చింది, జొటెరోలో 2019లో పెట్టిన మొదటి పీడీఎఫ్ నొక్కితే వచ్చింది, పసుపు గీతలు అన్నీ ఉన్నాయి. ఏడ్చేశాను, అమ్మ వచ్చి ఏమైంది అని అడిగింది. బేస్ పెట్టినప్పుడు 3,052 అని చూపించింది, ఒప్పుకున్నాను, తర్వాత డెస్క్‌టాప్‌కి మార్చాను, రీస్టార్ట్ చేశాను, ఇప్పుడు డి లేకుండానే తెరుచుకుంటున్నాయి.

కానీ ఒక్కొక్కటీ నొక్కి చూస్తుంటే కొన్ని ఇంకా దొరకలేదు అంటున్నాయి. ఇప్పటికి 41 తేలాయి. వాటిలో చాలావరకు నేనే పోయిన ఏడాది ఫోల్డర్‌లో పేర్లు బాగు చేద్దామని మార్చినవి, అవి నా తప్పే, అర్థమైంది. కానీ ఒక 9 మాత్రం అసలు అర్థం కావడం లేదు. జొటెరోలో ఉన్న పేరు, ఫోల్డర్‌లో ఉన్న పేరు అక్షరం కూడా తేడా లేదు. ఒక ఫోల్డర్‌లో అయితే ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి, విండోస్ అలా ఉండనివ్వదు కదా? రెండూ 'హైదరాబాద్ సంస్థానంలో' అని మొదలవుతాయి.


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శనివారం, రాత్రి 10:30

ఆ 9 ఫైళ్లు ఎప్పుడైనా మ్యాక్‌లోకి వెళ్లి వచ్చాయా?


తార్నాక_స్కాలర్
శనివారం, రాత్రి 10:38

వెళ్లాయి! మా తమ్ముడి దగ్గర పాత మ్యాక్ ఉంటే దానిలో ఓసీఆర్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. మీకెలా తెలిసింది?


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
శనివారం, రాత్రి 11:25

తొమ్మిది పేర్లలోనూ ఐత్వం ఉందేమో చూడండి. హై, సై, పై, మై, ఏదో ఒకటి.

యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలని దాచుకునే ప్రమాణం) తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. మనం కీబోర్డ్ మీద కొట్టినప్పుడు అది ఒకే గుర్తుగా పడుతుంది. కానీ దాన్నే ఎత్వం, దాని కింద ఇంకో చిన్న గుర్తు, అలా రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేరు పేర్లు. 2017లో కొత్త ఫైల్ సిస్టమ్ వచ్చేదాకా మ్యాక్‌లు ఫైల్ పేర్లని ఇలా ముక్కలుగా విడగొట్టే దాచుకునేవి. తెలుగులో అలా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే, అది సరిగ్గా మన ఊరి పేరులోనే మొదటి అక్షరంలో ఉంది. మీ ఫోల్డర్‌లో ఉన్న ఆ రెండు ఫైళ్లలో ఒకటి మీరు కొట్టిన హై, రెండోది మ్యాక్ విడగొట్టిన హై.

ఆ 9 ఫైళ్ల పేర్లు జొటెరోలోంచి కాపీ చేసి, ఫోల్డర్‌లో ఫైల్ పేరు మీద పేస్ట్ చేయండి. రెండు ఉన్నచోట ముందు పాత దాన్ని వేరే చోటికి జరపండి. పేజీ సైజు మారకుండా ఓసీఆర్ చేసి ఉంటే పాత హైలైట్లు కూడా సరిగ్గా అవే గీతల మీద కూర్చుంటాయి.

ఇలాంటిదే ఇంకోటి. 'హైదరాబాద్‌లో' అని రాసేటప్పుడు పొల్లుకీ లో అక్షరానికీ మధ్య, రెండూ కలిసిపోకుండా, కంటికి కనబడని ఒక గుర్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వేయవు. ఫైల్ పేర్లలో అది ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. ఇక పొడవు సంగతి. లినక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీష్ అక్షరం ఒక బైట్, తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు, గుణింతం గుర్తులు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్క. అంటే 85 గుర్తులు దాటిన తెలుగు పేరు విండోస్‌లో బాగానే ఉంటుంది, నా లినక్స్‌లోకి కాపీ చేయబోతే పేరు చాలా పొడవుగా ఉందని ఆగిపోతుంది. నేను రెండు రోజులు కొట్టుకుని తెలుసుకున్న విషయం ఇది.


గ్రంథాలయం_మెట్లు
ఆదివారం, ఉదయం 7:20

ఇది నాకూ కొత్త విషయం, చాలా సంతోషం. అందుకే నేను ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో, పొట్టిగా పెట్టమంటాను, తెలుగు మీద ప్రేమ లేక కాదు. శీర్షిక తెలుగులో, పూర్తిగా, తప్పు లేకుండా జొటెరో లోపల శీర్షిక గడిలో ఉండాలి, సైటేషన్‌లోకి వచ్చేది అదే. ఫైల్ పేరు బీరువా అర మీద అతికించిన చీటీ లాంటిది. పత్రికలకైతే పత్రిక పొట్టి పేరు, తర్వాత ఏడాది నెల తేదీ ఆ వరసలోనే, అంకెల్లో. 1926లో మొదలైన గోలకొండ పత్రిక సంచికలు అలా పెడితే, ఫోల్డర్ తెరవగానే మొదటి సంచిక నుంచి వరసగా నిలబడతాయి. తేదీ ముందు, నెల తర్వాత రాస్తే ఒకటో తేదీలన్నీ ఒకచోట గుంపు కడతాయి.

ఇంకొకటి అమ్మా, అను ఫాంట్లతో తయారైన 1990ల, 2000ల పీడీఎఫ్‌లు నీ దగ్గర ఉండే ఉంటాయి. చూడటానికి తెలుగే, కానీ లోపల ఉన్నది ఇంగ్లీష్ అక్షరాల గుంపు. జొటెరోలో తెలుగు మాట కొట్టి వెతికితే ఆ పీడీఎఫ్‌లు రావు. దొరకలేదు కాబట్టి లేదు అనుకోకు. వాటికి నువ్వే నాలుగు ట్యాగ్‌లు పెట్టుకోవాలి, లేదా టెసరాక్ట్‌తో తెలుగు ఓసీఆర్ చేయించి అదే పేరుతో అదే చోట పెట్టాలి.


గచ్చిబౌలి_లేటెక్స్
ఆదివారం, ఉదయం 9:50

నేను జొటెరో లాంటిదే అయిన జాబ్‌రెఫ్ వాడతాను, అందులో ఇదే సమస్యకి వేరే రకం జవాబు ఉంది కాబట్టి చెబుతున్నాను. అక్కడ లైబ్రరీ అంటేనే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్, పీడీఎఫ్ దారి అందులోనే ఒక లైనుగా కనిపిస్తుంది. డ్రైవ్ అక్షరం మారితే నోట్‌ప్యాడ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ చేస్తే సరిపోయేది. ఫైల్ పేరు సైటేషన్ కీతో (ఒక్కో పుస్తకానికి ఇచ్చే పొట్టి గుర్తింపు పేరు) మొదలయ్యేలా పెట్టుకుంటే, లింకులు పోయినా క్వాలిటీ మెనూ నుంచి అన్నిటినీ తనే వెతికి అతికించుకుంటుంది. లేటెక్స్‌లో (వర్డ్ బదులు కోడ్‌లా రాసి డాక్యుమెంట్ తయారుచేసే పద్ధతి) థీసిస్ రాసేవాళ్లు చూడండి. వర్డ్‌లో రాసేవాళ్లకి జొటెరోనే సుఖం.


తార్నాక_స్కాలర్
ఆదివారం, మధ్యాహ్నం 3:40

9 కూడా అయిపోయాయి, అన్నిటిలోనూ ఐత్వమే. మూడింటిలో 'సైన్యం', ఒకదానిలో 'పైగాలు', మిగతా ఐదూ 'హైదరాబాద్'. మిగిలిన 32 లొకేట్‌తో చేసుకుంటున్నాను.

ఇంకో రెండు అడగాలి. జాట్‌ఫైల్ లేదు కదా, ఇక మీద కొత్త ఫైళ్లు ఎలా? ఈ ఫోల్డర్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుంటే డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో కూడా వస్తాయా?


డెబియన్_దిల్‌సుఖ్‌నగర్
ఆదివారం, సాయంత్రం 4:30

జాట్‌ఫైల్ జొటెరో 6తోనే ఆగిపోయింది. 7లో పేరు మార్చే పని జొటెరోనే చేస్తుంది, ఫైల్‌ని మీ ఫోల్డర్‌లోకి జరిపి లింక్‌గా మార్చే పనికి జాట్‌మూవ్ అనే ప్లగిన్ ఉంది, అటాంజర్ అని ఇంకోటి కూడా ఉంది. నేను జాట్‌మూవ్ వాడుతున్నాను. పెట్టుకోగానే మొత్తం మీద నడపకండి, ఒక ఐదు ఫైళ్లున్న చిన్న కలెక్షన్ మీద చూసి, ఎక్కడికి వెళ్లాయో ఫోల్డర్ తెరిచి చూసుకున్నాకే.

గూగుల్ డ్రైవ్‌లో థీసిస్ ఫోల్డర్ పెట్టుకోవచ్చు. రెండు కంప్యూటర్లలోనూ అదే జొటెరో అకౌంట్, ఎవరి దగ్గర ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఆ దారిని బేస్‌గా ఇస్తే చాలు, దారులు రెండు చోట్లా వేరైనా పనిచేస్తుంది. ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే కాబట్టి మీ 38 జీబీకి కొంత కొనుక్కోవాలి, లేదా ఇప్పటి చాప్టర్లకి కావాల్సినవి మాత్రమే అక్కడ ఉంచాలి. మిర్రర్ అనే ఆప్షన్ పెట్టండి, స్ట్రీమ్ పెడితే నెట్ లేనప్పుడు ఫైళ్లు ఉండవు.

ఒక్కటి మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. థీసిస్ ఫోల్డర్ క్లౌడ్‌లో ఉండొచ్చు. జొటెరో డేటా ఫోల్డర్, ఆ ఎస్‌క్యూలైట్ ఫైల్ ఉన్నది, క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టకూడదు. జొటెరో దానిలో రాస్తుండగా డ్రైవ్ దాన్ని పట్టుకుని ఎక్కిస్తుంటే డేటాబేస్ పాడవుతుంది. దాన్ని జొటెరో సొంత సింక్ చూసుకుంటుంది, వివరాలకీ హైలైట్లకీ చోటు లెక్క లేదు, 300 ఎంబీ లెక్క ఫైళ్లకే.


మలక్‌పేట్_రీసెర్చర్
ఆదివారం, సాయంత్రం 5:15

అక్కా, డ్రైవ్ మీ సొంత జీమెయిల్‌లోనే పెట్టండి. మా సీనియర్ ఒకరు యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్‌లో అన్నీ పెట్టుకున్నారు, కోర్సు అయిపోయాక అకౌంట్ తీసేశారు, ఆయనకి మెయిల్ వచ్చిన సంగతి కూడా చూసుకోలేదు. రెండేళ్ల ఇంటర్వ్యూ రికార్డింగ్‌లు పోయాయి.


కాచిగూడ_పాత_రైలు
ఆదివారం, రాత్రి 7:30

మనవరాలి సాయంతో ఈ రోజు 12 పుస్తకాలు ఎక్కించాను, స్టోర్డ్ పద్ధతిలోనే. ఇంటిపేరు మొదటి గడిలో అని కాగితం మీద రాసి మానిటర్ కింద అతికించుకున్నాను. మెట్లు గారూ, అనువాదకుడు ఉన్న పుస్తకానికి రచయిత గడిలోనే రాయాలా?


గ్రంథాలయం_మెట్లు
ఆదివారం, రాత్రి 8:05

కాదు మాస్టారూ, రచయిత అనే మాట మీదే నొక్కండి, కింద జాబితా వస్తుంది, అందులో అనువాదకుడు ఉంటుంది. ఫైల్ పేరులోకి మాత్రం రచయితే వస్తాడు, అనువాదకుడు రాడు.


తార్నాక_స్కాలర్
సోమవారం, రాత్రి 12:40

32లో 29 అయ్యాయి. మూడు ఫైళ్లు మాత్రం నిజంగానే లేవు, బహుశా పేర్లు బాగు చేసిన రోజే పోయినట్టున్నాయి. వాటిలో రెండు మళ్లీ దించుకోగలను. మూడోది 1934 సంచిక, స్కాన్ నా దగ్గర తప్ప ఎక్కడా చూడలేదు, కానీ దాని మీద నేను చేసిన హైలైట్ల మాటలు జొటెరోలో అలాగే ఉన్నాయి, వాటితో ఒక నోట్ చేసుకున్నాను. ఒరిజినల్ పేపర్ కోసం రేపు పొద్దున్నే బాగ్‌లింగంపల్లి వెళ్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అడుగుతాను.


గ్రంథాలయం_మెట్లు
సోమవారం, ఉదయం 6:50

అక్కడ దొరక్కపోతే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం కూడా చూడమ్మా, 1901 నాటి గ్రంథాలయం అది. తేదీ, సంచిక సంఖ్య కాగితం మీద రాసుకుని వెళ్లు. దొరికితే ఇక్కడ చెప్పు.